బెంగుళూరు – హైదరాబాదు: ఆకాశమున ఎంత దూరము? ఎంత కాలము?

మన మాస్తి, మాలూరు ప్రాంతముల యిండ్లలో విమానమనగా ఒకప్పుడు మేఘముల మీద వినవచ్చు మ్రోత మాత్రమే. నేడట్లు కాదు. పరీక్షకో, కళాశాలలో ప్రవేశమునకో, ఉద్యోగమునకో మన పిల్లలు హైదరాబాదునకు పోవుచున్నారు. త్వరగా చేరవలసి వచ్చినప్పుడు విమానపు టిక్కెట్టు కొనుచున్నారు. ఆ టిక్కెట్టు మీద ప్రయాణకాలము "1 గంట 15 నిమిషములు" అని యుండును. ఆ యొక్క సంఖ్యనే చూచి తీరికగా ఇల్లు కదలినవాడు విమానమును అందుకొనలేడు. టిక్కెట్టు సొమ్మును పోగొట్టుకొనును. పరీక్షయే అయినచో సంవత్సరమే పోవచ్చును. కావున ఆ సంఖ్యలో ఏమి కలదో, ఏమి లేదో విద్యార్థులు తెలిసికొని, ఇంటిలోని పెద్దలకు చెప్పగలిగియుండవలెను. దీనికి కావలసిన గణితమంతయు ఉన్నత పాఠశాల పుస్తకములలోనే యున్నది.

దూరములు మూడు

బెంగుళూరునకును హైదరాబాదునకును నడుమ దూరమెంత యని అడిగినచో సమాధానము ఒక్కటి కాదు. చిక్కబళ్లాపురము, అనంతపురము, కర్నూలుల మీదుగా పోవు రహదారిని కొలిచినచో సుమారు 570 కిలోమీటర్లు. యశ్వంతపురము నుండి కాచిగూడ వరకు రైలు మార్గమును కొలిచినచో సుమారు 610 కిలోమీటర్లు. దేవనహళ్లి వద్దనున్న కెంపేగౌడ విమానాశ్రయము నుండి శంషాబాదునందలి రాజీవ్ గాంధీ విమానాశ్రయమునకు బిగువుగా దారము లాగినట్లు కొలిచినచో సుమారు 455 కిలోమీటర్లే.

బాట కొండను చుట్టును, ఊరిని తాకును, వంతెన యున్నచోట ఏరు దాటును. రైలు మార్గము ఏటవాలును సహింపదు గనుక ఇంకను దూరముగా తిరుగును. ఆకాశమున ఈ బాధలు లేవు. విమానముల పట్టికలలో "దూరము" అని వ్రాయునది ఈ మూడవ దూరమే.

దానిని మనమే లెక్కించుట

ఈ 455 కిలోమీటర్లను ఎవరును గొలుసు పట్టి కొలువనక్కరలేదు. రెండు విమానాశ్రయముల అక్షాంశ రేఖాంశములు తెలిసిన చాలును. అవి యివి:

దేవనహళ్లి: ఉత్తర అక్షాంశము 13.20, తూర్పు రేఖాంశము 77.71 డిగ్రీలు.
శంషాబాదు: ఉత్తర అక్షాంశము 17.23, తూర్పు రేఖాంశము 78.43 డిగ్రీలు.

అక్షాంశముల భేదము 4.03 డిగ్రీలు. ఉత్తర దక్షిణములుగా ఒక డిగ్రీ ఎంత పొడవు? డిగ్రీలో 60వ భాగమునకు నిమిషమని పేరు. భూమిపై ఆ ఒక్క నిమిషపు పొడవునే నావికులు నాటికల్ మైలు అనిరి; నేటి విమాన చోదకులును దానినే వాడుదురు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఇట్టివి 60 చేరిన ఒక డిగ్రీ, అనగా 111.12 కిలోమీటర్లు. దీనిని 4.03 చేత గుణించినచో 448 కిలోమీటర్లు వచ్చును. శంషాబాదు దేవనహళ్లికి అంత ఉత్తరముగా నున్నదన్నమాట.

రేఖాంశముల భేదము 0.72 డిగ్రీ. ఇచ్చట ఒక జాగ్రత్త వలయును. రేఖాంశ రేఖలన్నియు ధ్రువముల వద్ద కలిసికొనును గనుక, భూమధ్యరేఖను విడిచి ఉత్తరముగా పోవుకొలది వాని నడుమ ఎడము తగ్గును. ఎంత తగ్గునో ఆ చోటి అక్షాంశపు కొసైను చెప్పును. మన రెండు చోట్ల సరాసరి అక్షాంశము సుమారు 15.2 డిగ్రీలు, దాని కొసైను 0.965. కావున 0.72 × 111.12 × 0.965 = 77 కిలోమీటర్లు. శంషాబాదు దేవనహళ్లికి అంత తూర్పుగా నున్నది.

ఇప్పుడు ఒక భుజము 448, ఇంకొక భుజము 77 గల లంబకోణ త్రిభుజము ఏర్పడినది. పైథాగొరస్ సిద్ధాంతము ననుసరించి కర్ణము 455 కిలోమీటర్లు. ఇదియే పట్టికలోని దూరము.

భూమిపై డిగ్రీ పొడవు ఎంతయో కొలుచుటలో మన ప్రాంతమునకును ఒక భాగము కలదు. 1800వ సంవత్సరమున విలియం లాంబ్టన్ అను సైనికాధికారి బెంగుళూరు చేరువ ఒక ఆధారరేఖను ఉక్కుగొలుసుతో కొలిచెను. 1802లో మద్రాసు వద్ద సెయింట్ థామస్ మౌంట్ చెంత మరియొక రేఖను కొలిచి, త్రిభుజములను ఒకదాని ప్రక్క నొకటి పేర్చుచు, 78వ రేఖాంశము వెంబడి దక్షిణోత్తరములుగా దేశమును కొలుచు మహాకార్యమునకు పూనుకొనెను. ఆ రేఖాంశము మాలూరు, కోలారు పట్టణముల నడుమనుండియే పోవుచున్నది. ఆయన 1823లో మరణింపగా జార్జి ఎవరెస్టు ఆ పనిని హిమాలయముల పాదముల వరకు కొనసాగించెను. నేటి బాలుడు కాగితము మీద అయిదు నిమిషములలో చేయు లెక్కకు వెనుక అంతటి నడక కలదు.

నగరములు కదలకయే తగ్గిన దూరము

2008వ సంవత్సరమున ఒక వింత జరిగినది. ఆ యేడు మార్చి 23వ తేదిని హైదరాబాదు విమానములు బేగంపేటను విడిచి శంషాబాదునకు మారినవి. మే 24వ తేదిని బెంగుళూరు విమానములు హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయమును విడిచి దేవనహళ్లికి మారినవి. దేవనహళ్లి పాత విమానాశ్రయమునకు ఉత్తరముగా, అనగా హైదరాబాదు దిక్కున నున్నది. శంషాబాదు బేగంపేటకు దక్షిణముగా, అనగా బెంగుళూరు దిక్కున నున్నది. ఇరువైపులను 25 కిలోమీటర్ల దరిదాపున ఎడము తరిగెను. పాత విమానాశ్రయముల నడుమ సుమారు 508 కిలోమీటర్లు. క్రొత్తవాని నడుమ 455. రెండు మాసములలో ఆకాశమార్గము 50 కిలోమీటర్లకు పైగా తగ్గిపోయినది. నగరములు మాత్రము ఉన్నచోటనే యున్నవి.

అయితే ప్రయాణికునకు దారి తగ్గినదా? బేగంపేట హైదరాబాదు నడిబొడ్డున నుండగా, శంషాబాదు నగరమునకు 20 కిలోమీటర్లకు పైగా వెలుపల నున్నది. బెంగుళూరునకు తూర్పుననున్న హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయము మన మాలూరు, కోలారు బంగారు గనుల వారికి దేవనహళ్లికంటె దగ్గర. ఆకాశమున పోయిన దూరము నేలమీదికి వచ్చి చేరినది. విమానము ఆ 50 కిలోమీటర్లను నాలుగైదు నిమిషములలో దాటును, బస్సు దాటజాలదు. పట్టికలో దూరము తగ్గినంత మాత్రమున ఇంటినుండి ఇంటికి ప్రయాణము తగ్గినదని తలపరాదు.

అరగంట పని గంటకు మించుట యేల?

ఎయిర్‌బస్, బోయింగ్ జాతి జెట్ విమానములు ఎత్తున సమముగా పోవునప్పుడు గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోవును. 455ను 820 చేత భాగించినచో 33 నిమిషములు వచ్చును. కాని టిక్కెట్టు మీద 1 గంట 10 నిమిషములు మొదలు 1 గంట 20 నిమిషముల వరకు కనబడును. ఇందులో మోసమేమియు లేదు. కారణములు నాలుగు.

మొదటిది: టిక్కెట్టులోని కాలము గాలిలో ఎగిరిన కాలము కాదు. విమానము నిలిచిన చోటునుండి కదలిన క్షణము మొదలు, గమ్యస్థానమున తనకు నియమింపబడిన చోట ఆగు క్షణము వరకు గల కాలమది. విమానము రన్‌వే దాక నేలమీద నడువవలెను. ముందున్నవి లేచువరకు వరుసలో నిలువవలెను. దిగిన పిమ్మట మరల నేలమీద నడువవలెను. ఈ నడకకే 20 నిమిషములు సులభముగా పట్టును.

రెండవది: విమానము లేచినతోడనే పూర్తి వేగమును పొందదు. అది సుమారు 10 కిలోమీటర్ల ఎత్తునకు ఎక్కవలెను. మన చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించి లోతు త్రవ్వబడినదని పెద్దలు చెప్పగా వినియున్నారు గదా. ఆ లోతునకు మూడింతల ఎత్తది. బరువు బండి దిన్నె ఎక్కునట్లు, ఎక్కునప్పుడు ముందునకు సాగు వేగము తక్కువ. దిగుట కూడ గభాలున జరుగు పని కాదు. 10 కిలోమీటర్ల ఎత్తునుండి నిదానముగా దిగుటకు గమ్యమునకు 180 కిలోమీటర్ల దూరముననే తల వంపవలెను. ఎక్కుటకును దిగుటకును పోగా, 455 కిలోమీటర్లలో సమముగా, పూర్తి వేగముతో పోవు భాగము మిక్కిలి స్వల్పము.

మూడవది రన్‌వేల దిశ. హైదరాబాదు మనకు ఉత్తరముగా నున్నది. కాని దేవనహళ్లి రన్‌వేలును, శంషాబాదు రన్‌వేలును తూర్పు పడమరలుగా వేయబడినవి. విమానము గాలికి ఎదురుగా లేచి, గాలికి ఎదురుగా దిగవలెను. అప్పుడే తక్కువ నేలలో రెక్కలకు తగిన బలము చిక్కును. మన దేశమున నైరుతి ఋతుపవన కాలమున గాలి పడమటినుండియు, శీతకాలమున తూర్పునుండియు వీచును గనుక రన్‌వేలను ఆ దిక్కులకు అనుగుణముగా వేసిరి. ఉత్తరమునకు పోవలసిన విమానము ముందు తూర్పునకో పడమటికో లేచి, పిదప ప్రక్కకు తిరుగును. దిగునప్పుడును అట్లే ఒక మలుపు తిరిగి రన్‌వేకు ఎదురుగా రావలెను. దారము లాగిన దూరమునకు ఈ మలుపులు అదనము.

నాలుగవది: ఆకాశమున విమానము ఒంటరి కాదు. నియమిత మార్గములును, నియమిత ఎత్తులును కలవు. దిగుటకు వచ్చినవి ఎక్కువైనచో కంట్రోల్ టవరువారు కొన్నింటిని దూరముగా త్రిప్పి వరుసలో పెట్టుదురు. ఇట్టి ఆలస్యములను ముందే ఊహించి విమాన సంస్థలు కొన్ని నిమిషములను టిక్కెట్టు కాలములో చేర్చియుంచును. అందుచేతనే ఒక్కొక్కప్పుడు విమానము చెప్పిన వేళకంటె ముందుగా చేరినదని ప్రకటించుట వినుదుము.

పంకాలు త్రిప్పుకొనుచు పోవు చిన్న ఏటీఆర్ విమానమైనచో వేగము గంటకు 500 కిలోమీటర్ల చేరువనే. అయినను దానికి పట్టు కాలము జెట్ విమానముకంటె ఇరువది నిమిషములో, కొంచెము ఎక్కువయో అధికమగును; రెట్టింపు కాదు. ఇంత చిన్న దూరమున వేగమునకు తన బలమును చూపుటకు చోటే చాలదు. గంటకు 270 కిలోమీటర్ల వేగముతో పోయెడి పాతకాలపు డకోటాలు మాత్రము బేగంపేటకును హెచ్.ఏ.ఎల్.కును నడుమ గల 508 కిలోమీటర్లకు గాలిలోనే దాదాపు రెండు గంటలు తీసికొనియుండును.

గాలి ప్రభావము, భూభ్రమణము

ఎదురుగాలిలో సైకిలు త్రొక్కినవానికి గాలి ప్రభావమును వేరుగా చెప్పనక్కరలేదు. విమానము గాలిలో గంటకు 800 కిలోమీటర్లు పోవుచుండగా వెనుకనుండి 100 కిలోమీటర్ల గాలి తోడైనచో నేలపై కొలిచిన వేగము 900. అదియే ఎదురైనచో 700. ఎత్తున వీచు గాలులలో బలమైనవి తూర్పు పడమరలుగా వీచును. మన బెంగుళూరు హైదరాబాదుల మార్గము ఉత్తర దక్షిణములది. గాలి చాలవరకు ప్రక్కనుండియే తగులును. కావున పోవు కాలమునకును వచ్చు కాలమునకును ఎక్కువ భేదముండదు. దూరపు తూర్పు పడమటి ప్రయాణములలో ఈ భేదము గంటను కూడ మించును.

కొందరు విద్యార్థులు మరియొక ప్రశ్న అడుగుదురు: భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది గదా, విమానము గాలిలో ఊరకయే నిలిచినచో గమ్యము దాని క్రిందికే రాదా? రాదు. భూమితోపాటు వాయుమండలమును తిరుగుచున్నది. విమానమును ఆ వాయువులో భాగమే. కదలుచున్న రైలుపెట్టెలో పైకెగిరినవాడు ఎగిరిన చోటనే దిగుట అందరును చూచినదే.

భూగోళము మీద దారము

హైదరాబాదు వరకు భూమి చదునని తలచి త్రిభుజము గీసినను నష్టము లేదు. ఇంకను దూరమైనచో ఆ లెక్క చెల్లదు. మన తెలుగువారి పిల్లలు అనేకులు పనిచేయుచున్న అమెరికా పడమటి తీరమును తీసికొందము. గోడమీది పటములో బెంగుళూరు నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు బద్ద పెట్టి గీత గీసినచో అది పసిఫిక్ మహాసముద్రము మీదుగా పోవును. ఆ దారి పొడవు 16,000 కిలోమీటర్లకు మించును. కాని పాఠశాలలోని భూగోళమును తెచ్చి, రెండు నగరములకు నడుమ దారమును బిగువుగా పట్టి చూడుడు. దారము ఉత్తర ధ్రువము చేరువనుండి పోవును. దాని పొడవు సుమారు 14,000 కిలోమీటర్లే. గుండ్రని వస్తువు మీద మిక్కిలి దగ్గరి దారి ఇట్టిది. దీనికే మహావృత్తమార్గమని పేరు.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానమొకటి శాన్ ఫ్రాన్సిస్కో నుండి ధ్రువప్రాంతము మీదుగా ఎచ్చటను ఆగక బెంగుళూరునకు వచ్చెను. కాప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వమున దానిని నడిపిన చోదకులందరును స్త్రీలే. అది 9వ తేది రాత్రి బయలుదేరి 11వ తేది తెల్లవారుజామున చేరెను. తేదీలు చూచిన తల్లిదండ్రులు ఒకటిన్నర దినము గాలిలో నున్నదని భయపడుదురు. నిజమునకు పట్టినది 17 గంటలకు పైచిలుకు మాత్రమే. టిక్కెట్టు మీద బయలుదేరు వేళ ఆ ఊరి గడియారముది, చేరు వేళ ఈ ఊరి గడియారముది. జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో గడియారము మనకంటె 13½ గంటలు వెనుక నుండును. అచ్చట 9వ తేది రాత్రి 8:30 అయినప్పుడు మనకు 10వ తేది ఉదయము 10 గంటలు. రెండు వేళలను ఒకే గడియారమునకు మార్చిన పిమ్మటనే తీసివేత చేయవలెను. బెంగుళూరు, హైదరాబాదులకు ఈ చిక్కు లేదు. దేశమంతటికిని ఒకే కాలమానము గదా.

గడప నుండి గడపకు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మాస్తి నుండి ఒక విద్యార్థి మధ్యాహ్నము 12 గంటల విమానమున హైదరాబాదు పోవలసియున్నది. ఎప్పుడు బయలుదేరవలెను?

మాలూరు, హొసకోటెల మీదుగా దేవనహళ్లికి బండిలో రెండు గంటలు; దారిలో ఆటంకములకు మరియొక అరగంట కలిపి రెండున్నర. విమానాశ్రయమున గుర్తింపు కార్డు చూపుట, సామాను అప్పగించుట, తనిఖీ, ద్వారము చేరుట — వీనికి రెండు గంటలు. సామాను తీసికొనుట విమానమునకు గంట ముందే నిలిపివేయుదురు; ఎక్కు ద్వారమును 20, 25 నిమిషముల ముందే మూయుదురు. కావున 12 గంటల విమానమునకు 12 గంటలకు చేరుటయనగా చేరకపోవుటయే. విమానములో ఒకటింబావు గంట. దిగి సామాను తీసికొని వెలుపలికి వచ్చుటకు అరగంట. శంషాబాదు నుండి నగరములోని గమ్యమునకు ఒక గంట.

అన్నియు కూడగా ఏడుంబావు గంటలు. ఉదయము 7:30కి ఇల్లు విడిచినవాడు పావుతక్కువ మూడు గంటలకు హైదరాబాదులో తన చోటు చేరును. అందు విమానములో కూర్చున్నది ఒకటింబావు గంట. తక్కిన ఆరు గంటలును నేలమీదివే. మధ్యాహ్నము 2 గంటలకు పరీక్షయున్నవాడు ఈ విమానమును నమ్మరాదని కాగితము మీదనే తెలిసిపోవుచున్నది.

రైలుతో పోల్చి చూతము. 2023 సెప్టెంబరులో ఆరంభమైన కాచిగూడ – యశ్వంతపురము వందే భారత్ రైలునకు పట్టు కాలము సుమారు ఎనిమిదిన్నర గంటలు. పట్టికలు మాత్రమే చూచినచో విమానము ఏడు గంటలకు పైగా ఆదాయము చేయునట్లు తోచును. కాని మాస్తి నుండి యశ్వంతపురమునకు సుమారు మూడు గంటలు, స్టేషనులో అరగంట, కాచిగూడలో దిగి ఇల్లు చేరుటకు మరియొక అరగంట చేర్చినచో రైలు ప్రయాణము పన్నెండున్నర గంటలు. నిజమైన భేదము అయిదుంబావు గంటలే. రాత్రి బండిలో నిద్రించుచు పోవువానికి ఆ భేదమును అంతగా తెలియదు. ఆప్తులకు జబ్బు చేసినప్పుడు ఆ అయిదు గంటలు అమూల్యములు. పెండ్లికి పోవునప్పుడు కాకపోవచ్చును. ఏది మేలో ఎవరి అవసరమును బట్టి వారు నిర్ణయించుకొనవలెను. ఆ నిర్ణయమునకు మాత్రము సరియైన లెక్క ఆధారముగా నుండవలెను.

దూరమునకు మూడు కొలతలున్నట్లే కాలమునకును మూడు కొలతలు కలవు: గాలిలో ఎగిరిన కాలము, టిక్కెట్టులో వ్రాసిన కాలము, గడప నుండి గడపకు పట్టు కాలము. మొదటిది విమానమును నడుపువానిది. రెండవది విమాన సంస్థది. మూడవది మన కుటుంబముది. అది ఏ టిక్కెట్టు మీదను అచ్చుపడదు, మనమే లెక్కింపవలెను.

విద్యార్థులకొక అభ్యాసము: విజయవాడ విమానాశ్రయము గన్నవరమున కలదు. దాని ఉత్తర అక్షాంశము 16.53, తూర్పు రేఖాంశము 80.80 డిగ్రీలు. దేవనహళ్లి నుండి దానికి దూరమెంతో పై పద్ధతిని కనుగొనుడు. జవాబు 500 కిలోమీటర్ల దరిదాపున వచ్చినచో మీ లెక్క సరియైనది. అటుపిమ్మట మీ యింటి గడప నుండి అచ్చటి బంధువుల గడపకు ఎన్ని గంటలు పట్టునో పెద్దలతో కూర్చుండి ఒక పట్టిక వ్రాయుడు.